అసెంబుల్ చేసుకున్న పీసీ పదే పదే క్రాష్: ఒకసారి నీలి తెర, ఇంకోసారి చెప్పాపెట్టకుండా రీస్టార్ట్

తెల్లకాగితం
అందరికీ నమస్కారం. నాలుగు నెలల క్రితం మొదటిసారి సొంతంగా పీసీ అసెంబుల్ చేసుకున్నాను. మొదటి మూడు వారాలు ఏ ఇబ్బందీ లేదు. ఆ తర్వాత మొదలైన గొడవ ఇప్పటికీ అంతుచిక్కడం లేదు.

ప్రాసెసర్ రైజెన్ 5 7600. ర్యామ్ 16 జీబీ డీడీఆర్5 స్టిక్‌లు రెండు, ఎక్స్‌పో (ర్యామ్‌ను డబ్బా మీది స్పీడ్‌కు పెంచే బయోస్ సెట్టింగ్) ఆన్ చేసి 6000 స్పీడ్ దగ్గర నడుపుతున్నాను. 750 వాట్ల గోల్డ్ పవర్ సప్లై, 1 టీబీ ఎన్‌వీఎంఈ డిస్కు, మధ్యరకం గ్రాఫిక్స్ కార్డు. విండోస్ 11.

గేమ్ ఆడుతుంటే అరగంట, ముప్పావుగంట తర్వాత విండోస్ ఎర్రర్ చూపే నీలి తెర వస్తుంది. కొన్నిసార్లు నీలి తెర కూడా లేకుండా టక్కున నల్లబడి మళ్లీ మొదలవుతుంది. ఇది గేమ్‌లోనే అవుతుందని కూడా లేదు, నిన్న బ్రౌజర్‌లో వార్తలు చదువుతుండగా పోయింది. విండోస్ రెండుసార్లు కొత్తగా వేశాను. గ్రాఫిక్స్ డ్రైవర్ పూర్తిగా తీసి మళ్లీ పెట్టాను. బయోస్ అప్‌డేట్ చేశాను. ఏదీ పనిచేయలేదు. పిల్లల ఫొటోలన్నీ దీనిలోకే ఎక్కించాను, అదొక టెన్షన్. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

వోల్టేజ్
లోడ్ పడినప్పుడు నల్లబడి రీస్టార్ట్ అయితే నూటికి తొంభైపాళ్లు పవర్ సప్లైనే చూడాలి. వేరేది ఒకటి అరువు తెచ్చి పెట్టి చూడండి. మిగతావన్నీ తర్వాత.

నీలితెర
పవర్ సప్లై కావచ్చు. కానీ పార్టులు మార్చే ముందు రికార్డు చూద్దాం, ఖర్చు లేని పని అది.

ముందుగా స్టార్టప్ అండ్ రికవరీ సెట్టింగ్స్‌లోకి వెళ్లి 'ఆటోమేటిక్‌గా రీస్టార్ట్ చేయి' అన్న టిక్కు తీసేయండి. ఆ టిక్కు ఉంటే నీలి తెర కళ్లకు ఆనకముందే పోతుంది, మీరు దాన్ని నల్ల తెర అనుకునే ప్రమాదం ఉంది. టిక్కు తీశాక నిజమైన నీలి తెర అయితే అక్కడే నిలబడి ఉంటుంది.

తర్వాత ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరవండి. కెర్నల్ పవర్ 41 అని ఎర్రగుర్తుతో కనబడుతుంది. దాన్ని చూసి చాలామంది 'పవర్ ప్రాబ్లం' అని తేల్చేస్తారు, పేరులో పవర్ ఉంది కాబట్టి. కానీ దాని అర్థం ఒక్కటే: కిందటిసారి సిస్టమ్ పద్ధతిగా షట్‌డౌన్ కాలేదు. కారణం ఏంటో అది చెప్పదు. దాని డీటెయిల్స్‌లో బగ్‌చెక్ కోడ్ అని ఒక అంకె ఉంటుంది, అదే ముఖ్యం. సున్నా కాకపోతే విండోస్ తనే తప్పు పట్టుకుని ఆగింది. సున్నా అయితే విండోస్‌కు రాసుకునే సమయం కూడా దొరకలేదు.

ఈ రెండూ వేరువేరు రోగాలు కావచ్చు. అందుకే వేరుచేసి లెక్క రాయండి.

తెల్లకాగితం
ఇంతకాలం రెండూ ఒకటే అనుకున్నాను. ఇప్పుడే కూర్చుని రాసుకున్నాను. రెండు వారాల్లో 41 అని 11 సార్లు ఉంది. ఏడింటిలో అంకె ఉంది, నాలుగింటిలో సున్నా.

అంకె ఉన్నవి కూడా ఒకే రకం కాదు. మెమరీ మేనేజ్‌మెంట్ మూడుసార్లు, ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్ రెండుసార్లు, పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా ఒకసారి, ఇంకోటి గ్రాఫిక్స్ డ్రైవర్ పేరుతో వచ్చింది.

ఇది చూస్తూ ఒక ఫొటో తెరిస్తే గుండె గుభేలుమంది. పాప మొహం సగం వరకు ఉంది, గడ్డం కింది నుంచి అంతా బూడిదరంగు పట్టీ. ఫోన్ నుంచి కాపీ చేసినప్పుడు బాగానే ఉందనుకున్నాను.

మెమరీలైన్
ఆ ఫొటో చెప్పాల్సింది చెప్పేసింది. దయచేసి ఇప్పుడే ఈ పీసీలో కొత్త ఫైళ్లు రాయడం, కాపీ చేయడం, బ్యాకప్ తీయడం అన్నీ ఆపేయండి. ఫోన్‌లో ఉన్న అసలు ఫొటోలు చెరపకండి. చెడ్డ ర్యామ్ ఉన్న మిషన్‌లో కాపీ అంటే ఫైలు ఆ చెడ్డచోటు గుండా వెళ్లి డిస్కులో పడుతుంది. డిస్కు మాత్రం తనకు ఇచ్చింది ఇచ్చినట్టే భద్రంగా దాచుకుంటుంది, తప్పుతో సహా. క్రాష్ అయితే మనకు తెలుస్తుంది, చల్లగా పాడైన ఫైలు తెలియదు. నాకు భయం క్రాష్ గురించి కాదు, దీని గురించే.

నీలి తెర ప్రతిసారీ ఒకే పేరుతో వస్తే డ్రైవర్‌ను అనుమానించవచ్చు. వచ్చిన ప్రతిసారీ వేరే పేరు చెబుతుంటే ర్యామ్‌ను ముందు చూడాలి. ఎందుకంటే చెడిన సెల్‌లో ఆ క్షణాన ఎవరి డేటా ఉంటే వాళ్ల పేరే బయటికి వస్తుంది. గ్రాఫిక్స్ డ్రైవర్ పేరు వచ్చింది కాబట్టి కార్డు చెడిందని కాదు.

విండోస్‌లో ఉన్న మెమరీ డయాగ్నస్టిక్‌తో సరిపెట్టుకోవద్దు, చాలా తప్పులు దాని కంట పడవు. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 గానీ మెమ్‌టెస్ట్86 ప్లస్ గానీ వేరే కంప్యూటర్‌లో పెన్‌డ్రైవ్ మీదికి ఎక్కించి, దాని నుంచి బూట్ చేయండి. ముందు బయోస్‌లో ఎక్స్‌పో ఆఫ్ చేయండి. అప్పుడు ర్యామ్ మామూలు 4800కు దిగుతుంది. ఎక్స్‌పో అంటే అధికారికంగా ఓవర్‌క్లాకింగే (మామూలు పరిమితికి మించి నడపడమే), డబ్బా మీద 6000 అని రాసి ఉన్నా సరే. 4800 దగ్గర శుభ్రంగా ఉండి 6000 దగ్గర మాత్రమే తప్పులు వస్తే అది సెట్టింగ్ గొడవ. 4800 దగ్గర కూడా తప్పులు వస్తే వస్తువే చెడ్డది.

నాలుగు పాసులు, అంటే మొత్తం పరీక్ష నాలుగుసార్లు, పూర్తిగా నడవనివ్వండి. 32 జీబీకి గంటలు పడుతుంది, రాత్రి పెట్టి పడుకోండి. ఒక్క తప్పు వచ్చినా ఫెయిల్ కిందే లెక్క. 'ఒక్కటేగా' అని వదిలేయకూడదు.

ఇంకో సంగతి, డీడీఆర్5లో ఆన్-డై ఈసీసీ ఉంటుంది కాబట్టి తప్పులు రావని కొందరు అంటారు. అది చిప్ లోపల వచ్చే చిన్న తప్పుల్ని దిద్దడానికి. చిప్ నుంచి ప్రాసెసర్ దాకా వచ్చే దారిని అది కాపాడదు, లోపల మరీ చెడిపోతే దిద్దనూ లేదు. సర్వర్లలో వాడే పూర్తి ఈసీసీ వేరు.

చిన్నస్క్రూ
టెంపరేచర్ ఎంత వస్తోంది? నా దాంట్లో 95 డిగ్రీలు తగులుతుంటే భయపడి కూలర్ మార్చాను. మీకూ అదే అయి ఉండవచ్చు.

నీలితెర
అడగాల్సిన ప్రశ్నే. అయితే రైజెన్ 7000 సిరీస్‌లో ఎక్స్3డీ కాని వాటికి 95 డిగ్రీలు తయారీదారు పెట్టిన పరిమితి. ఆ దరిదాపుల్లో ప్రాసెసర్ తనంతట తనే స్పీడ్ తగ్గించుకుంటుంది, వెంటనే క్రాష్ అవదు. వేడి వల్ల ఆగిపోతే సాధారణంగా మిషన్ మొత్తం ఆరిపోతుంది.

తెల్లకాగితం
టెంపరేచర్ గేమ్‌లో 78 దాటలేదు.

మెమ్‌టెస్ట్ సంగతి. ఎక్స్‌పో ఆఫ్ చేసి రాత్రి పదిన్నరకు పెట్టాను. పడుకుందామని లేచేలోపే, నలభై నిమిషాలకు, తెర కింద మొదటి ఎర్రగీత వచ్చింది. తర్వాత ఇంకోటి. అక్కడే కుర్చీలో కూర్చుని చూస్తూ ఉండిపోయాను. ప్రతి గీతలో ఉండాల్సిన విలువ, వచ్చిన విలువ పక్కపక్కన వేస్తోంది. పొడుగాటి అంకెల వరుసలో ప్రతిసారీ ఒకే స్థానంలో ఒకే ఒక్క తేడా. మిగతాదంతా అచ్చుగుద్దినట్టు సరిపోతోంది. ఆ ఒక్కదాని కోసం రెండు నెలలు నిద్ర లేదు నాకు.

పొద్దున్నే ఒక్కో స్టిక్ విడిగా పెట్టాను, రెండూ ఒకే స్లాట్‌లో. అంటే ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాట్, మాన్యువల్‌లో ఒక్క స్టిక్‌కు అదే చెప్పారు. మొదటి స్టిక్ నాలుగు పాసులూ సున్నా తప్పులు. రెండోది మొదటి పాసులోనే 17.

మెమరీలైన్
చాలా శుభ్రంగా చేశారు. స్లాట్ ఒకటే, ప్రాసెసర్ ఒకటే, తప్పు మాత్రం స్టిక్‌ను అంటిపెట్టుకుని వచ్చింది. మదర్‌బోర్డు, ప్రాసెసర్ మీద అనుమానం వదిలేయవచ్చు. వారంటీకి పంపేటప్పుడు రెండు స్టిక్‌లూ కలిపి పంపండి. అవి జోడీగా పరీక్షించి అమ్మినవి, ఒకటి ఇక్కడిది, ఒకటి అక్కడిది అయితే 6000 దగ్గర మళ్లీ పేచీ పెట్టవచ్చు.

గేమ్ మొదలయ్యాక అరగంటకు ఎందుకు వచ్చేదంటే, బలహీనమైన సెల్‌లో ఛార్జ్ వేడికి త్వరగా కారిపోతుంది. గ్రాఫిక్స్ కార్డు వేడి ర్యామ్‌కు తగలడానికి ఆ కాస్త సమయం పట్టేది.

కొత్త ర్యామ్ వచ్చాక ముందు మెమ్‌టెస్ట్, ఆ తర్వాతే విండోస్. చెడ్డ ర్యామ్ మీద వేసిన విండోస్‌ను నమ్మవద్దు, మళ్లీ వేయండి. స్టిక్‌లు మార్చాక మొదటిసారి ఆన్ చేస్తే తెర కొన్ని నిమిషాలు నల్లగా ఉండొచ్చు. డీడీఆర్5 మెమరీ ట్రైనింగ్ అది, అంటే బోర్డు కొత్త ర్యామ్‌కు తగ్గట్టు సర్దుకోవడం. కంగారుపడి మధ్యలో ఆపేయకండి.

తెల్లకాగితం
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. కొత్త జోడీ వచ్చింది. 4800 దగ్గర నాలుగు పాసులు, 6000 దగ్గర నాలుగు పాసులు, ఒక్క తప్పూ లేదు. విండోస్ కొత్తగా వేశాను. పది రోజులుగా నీలి తెర అన్నది లేదు. మెమరీలైన్ గారికి చేతులెత్తి దండం పెట్టాలి.

కానీ నల్లబడి రీస్టార్ట్ అవడం మాత్రం పోలేదు. ఈ పది రోజుల్లో మూడుసార్లు. బగ్‌చెక్ కోడ్ సున్నా. ఆటోమేటిక్ రీస్టార్ట్ టిక్కు తీసేసే ఉంది. అంతా అయిపోయిందని ఊపిరి పీల్చుకున్న రోజు సాయంత్రమే వచ్చింది, ప్రాణం ఉసూరుమంది.

వోల్టేజ్
ఇప్పుడు మిగిలింది పవర్ దారి ఒక్కటే. నీలి తెరల విషయంలో నేను తొందరపడ్డాను, ఒప్పుకుంటాను. కానీ సున్నా కోడ్ ఉన్నవాటికి నా మాట అదే.

7600 ప్రాసెసర్ మామూలుగా 88 వాట్లు దాటదు, మీ కార్డు 220 దాకా అనుకుందాం, మొత్తానికి 750 చాలు. అయితే గ్రాఫిక్స్ కార్డు మిల్లీసెకన్ల పాటు తన రేటింగ్‌కు చాలా మించి గుంజుతుంది. కొన్ని పవర్ సప్లైలు దాన్ని ఓవర్‌లోడ్ అనుకుని ఆపేస్తాయి. 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణంలో ఇందుకే రేటింగ్‌కు రెట్టింపు లోడ్‌ను 100 మైక్రోసెకన్లు తట్టుకోవాలని పెట్టారు. మీది అంతకు ముందు డిజైన్ అయితే అనుమానించాలి.

కార్డుకు రెండు 8 పిన్నుల కనెక్టర్లు ఉంటే, ఒకే వైరుకు ఉన్న రెండు తలలు పెట్టారా? విడివిడి వైర్లు రెండు పెట్టండి. ఇంకో ముఖ్యమైన విషయం: వేరే పవర్ సప్లై తెస్తే దాని వైర్లే వాడండి. కనెక్టర్ పట్టినంత మాత్రాన లోపల పిన్నుల వరుస ఒకటే ఉండదు. ఒక కంపెనీ మాడ్యులర్ (ఊడదీసి పెట్టుకునే) వైరు ఇంకోదానికి పెడితే డిస్కులు, బోర్డు ఒక్క క్షణంలో కాలిపోవచ్చు.

చిన్నస్క్రూ
ఆకుపచ్చ వైరు, నల్ల వైరు పేపర్ క్లిప్‌తో కలిపి పవర్ సప్లై టెస్ట్ చేయొచ్చు కదా?

టంకంపని
రిపేరు బల్ల దగ్గర చాలా ఏళ్లుగా కూర్చుంటున్నాను, అందుకని చెప్తున్నా. ఆ క్లిప్ టెస్టులో ఫ్యాన్ తిరిగితే ఎస్‌ఎంపీఎస్, అంటే పవర్ సప్లై, ఆన్ అవుతోందని మాత్రమే తెలుస్తుంది. లోడ్ లేకుండా మల్టీమీటర్‌లో 12 వోల్టులు అందంగా కనబడతాయి, అదే ఎస్‌ఎంపీఎస్ లోడ్ పడగానే కూలబడుతుంది. ఆ టెస్టుతో దేన్నీ మంచిదని తేల్చలేం. ఎస్‌ఎంపీఎస్ మూత మాత్రం ఎవరూ విప్పొద్దు, ప్లగ్ తీసినా లోపలి పెద్ద కెపాసిటర్లలో ఛార్జ్ నిలిచి ఉంటుంది.

తెల్లకాగితం
వోల్టేజ్ గారూ, మీరు చెప్పినట్టే ముందు వైర్లు విడివిడిగా పెట్టాను. రెండో రోజే రీస్టార్ట్. తర్వాత స్నేహితుడి దగ్గర 850 వాట్ల కొత్త పవర్ సప్లై, దాని వైర్లతో సహా తెచ్చి మార్చాను. నాలుగు రోజులు బాగుంది. ఐదో రోజు మళ్లీ అయింది. వేరే గదిలోని ప్లగ్‌కు పెట్టి చూశాను, అక్కడా అంతే.

ఇంకా వింత, ఓసీసీటీ అనే టెస్టింగ్ ప్రోగ్రాంలో పవర్ టెస్ట్ గంటసేపు నడిపితే చెక్కు చెదరలేదు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ నిండా లోడ్‌లో. అది పూర్తయ్యాక లేచి వెళ్లబోతుంటే ఖాళీగా ఉన్న డెస్క్‌టాప్ మీద రీస్టార్ట్ అయింది. ఇక మదర్‌బోర్డు మార్చడమేనా?

టంకంపని
బోర్డు జోలికి అప్పుడే పోకండి. నాకు మూడు విషయాలు చెప్పండి. నల్లబడిన క్షణాన ఫ్యాన్లు ఆగి మళ్లీ తిరుగుతున్నాయా, లేక తిరుగుతూనే ఉంటున్నాయా? మొదటి మూడు వారాలు బాగుందన్నారు, ఆ తర్వాత లోపల ఏం మార్చారు? రీస్టార్ట్ అయిన ప్రతిసారీ మీ చేతులు, కాళ్లు ఎక్కడున్నాయి? మూడోది వింతగా అనిపించొచ్చు, కానీ గుర్తు తెచ్చుకుని రాయండి.

తెల్లకాగితం
ఫ్యాన్లు ఆగడం లేదు. ఈసారి ప్యానెల్ తీసి ఎదురుగా కూర్చుని చూశాను. తెర నల్లబడుతుంది, మరుక్షణం బయోస్ లోగో వస్తుంది. లైట్లు కూడా ఆరిపోవు.

మూడు వారాలకు ముందువైపు ఒక ఫ్యాన్ కొత్తగా బిగించాను. వైర్లు వెనక్కి తిప్పి, సైడ్ ప్యానెల్ సరిగా పడకపోతే మోకాలితో నొక్కి స్క్రూ వేశాను.

చేతుల సంగతి ఆలోచిస్తే ఒళ్లు జలదరించింది. ఒకసారి ముందువైపు పెన్‌డ్రైవ్ పెడుతున్నాను. ఒకసారి కుర్చీ జరుపుతుంటే కాలు కేబినెట్‌కు తగిలింది. మొన్న ఓసీసీటీ తర్వాత లేస్తూ టేబుల్ మీద చేయి ఆనించాను, కేబినెట్ ఆ టేబుల్ మీదే ఉంది.

టంకంపని
ఇప్పుడు దారి దొరికింది. ఎస్‌ఎంపీఎస్ రక్షణ కోసం కట్ అయితే ఫ్యాన్లు ఆగాలి. చాలాసార్లు వెనక స్విచ్ ఆపి వేస్తే తప్ప మళ్లీ ఆన్ కాదు కూడా. ఫ్యాన్లు తిరుగుతూ, లైట్లు వెలుగుతూ, నేరుగా లోగో వస్తోందంటే కరెంటు పోలేదు. బోర్డుకు 'మళ్లీ మొదలుపెట్టు' అని ఎవరో చెబుతున్నారు. అది చెప్పేది రీసెట్ బటన్.

షట్‌డౌన్ చేసి, వెనక స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, పవర్ బటన్ ఐదారు సెకన్లు నొక్కి పట్టుకోండి. తర్వాత బోర్డు కింది మూలన ఫ్రంట్ ప్యానెల్ వైర్లు ఉండే పిన్నుల దగ్గర రీసెట్ అని రాసిన చిన్న జత మాత్రం పీకేయండి. పవర్ బటన్ వైరు ఉండనివ్వండి. రీసెట్ లేకపోయినా పీసీకి ఏ లోటూ రాదు. వేరే ఏదీ ముట్టుకోకండి. ఒకేసారి రెండు మార్చితే ఏది మందో తెలియదు. అలా కొన్నాళ్లు వాడండి, పెన్‌డ్రైవ్ కావాలనే పెట్టి తీస్తూ ఉండండి.

తెల్లకాగితం
తొమ్మిది రోజులు. ఒక్క రీస్టార్ట్ లేదు. పెన్‌డ్రైవ్ వందసార్లు పెట్టి తీసి ఉంటాను, కేబినెట్‌ను చేత్తో కదిపి చూశాను, టేబుల్ ఊపాను. పీసీ చెక్కు చెదరలేదు.

ఈ రోజు ముందు ప్యానెల్ ఊడదీసి టార్చి వేసి చూశాను. పై నుంచి వచ్చే సన్నటి వైర్లు నేను కొత్తగా పెట్టిన ఫ్యాన్ మూలకూ కేబినెట్ రేకు అంచుకూ మధ్య ఇరుక్కుని ఉన్నాయి. పవర్ వైరు మీద వట్టి నొక్కు పడింది అంతే. రీసెట్ వైర్లలో ఒకదానికి మాత్రం రేకు అంచు ప్లాస్టిక్‌ను కోసేసింది. గోరంత కూడా కాదు, ఆవగింజంత చోట రాగి మెరుస్తోంది. ఎదురుగా రేకు మీద పెయింట్ గీసుకుపోయి వెండిలా తెల్లగా గీత ఉంది. ఎక్కడ తగిలేదో వేరే చెప్పక్కర్లేదు.

నీలితెర
సరిపోయింది. రీసెట్‌కు వెళ్లే రెండు వైర్లలో ఒకటి గ్రౌండ్, రెండోది సిగ్నల్. సిగ్నల్ వైరు రాగి కేబినెట్ రేకుకు తగిలితే చాలు, బటన్ నొక్కినట్టే. విండోస్‌కు ఏమీ తెలిసే అవకాశం లేదు, అందుకే కోడ్ సున్నా. 41 చూసి పవర్ అనుకోవద్దని మొదట్లో నేనే చెప్పి, ఫ్యాన్ల గురించి అడగడం మాత్రం నాకు తట్టలేదు.

వోల్టేజ్
నా వల్ల స్నేహితుడి పవర్ సప్లై దాకా వెళ్లి కష్టపడ్డారు, క్షమించండి. నిండు లోడ్‌లో గంట నిలబడింది అన్నప్పుడే నేను ఆగి ఆలోచించాల్సింది. ఆ వైరును టేపుతో చుట్టి వదిలేయకండి. వేడికి జిగురు కారి టేపు ఊడుతుంది. హీట్ ష్రింక్ ట్యూబ్ (వేడి చేస్తే బిగుసుకునే గొట్టం) తొడిగి, వేరే దారిన తిప్పండి.

టంకంపని
అవును, ట్యూబే మంచిది. కనెక్టర్ వైపు నుంచి ఎక్కించాలంటే ప్లాస్టిక్ తల దగ్గర చిన్న నాలుక ఉంటుంది, సూదితో దాన్ని పైకి లేపితే పిన్ను బయటికి వస్తుంది. పిన్ను తీసే ముందు ఏ వైరు ఏ రంధ్రంలో ఉందో ఫొటో తీసుకోండి. అంత ఓపిక లేకపోతే రీసెట్ అసలు పెట్టకండి, ఆ వైరును బోర్డుకు తగలకుండా పక్కకు కట్టి పడేయండి.

మెమరీలైన్
ఫొటోల సంగతి ఏమైంది?

తెల్లకాగితం
ట్యూబ్ తొడిగాను, వైర్లు రేకుకు దూరంగా జిప్ టైతో కట్టాను, రీసెట్ మళ్లీ పెట్టాను. ఇవాళ్టికి ఆరు రోజులు, బాగుంది. స్నేహితుడి పవర్ సప్లై తిరిగి ఇచ్చేసి నాదే పెట్టుకున్నాను.

ఫొటోలు ఒక్కొక్కటీ తెరిచి చూశాను, మూడు సాయంత్రాలు పట్టింది. పాడైనవి 23 తేలాయి. ఫోన్‌లో అసలువి చెరపవద్దన్న మీ మాట విన్నాను కాబట్టి 21 మళ్లీ తెచ్చుకోగలిగాను. మిగతా రెండూ అంతకు ముందే ఫోన్‌లో తీసేసినవి. వాటిలో ఒకటి పాప మొదటిసారి సైకిల్ తొక్కిన రోజుది. పై సగం ఉంది, హ్యాండిల్ పట్టుకున్న చేతులు కనబడతాయి. దాన్ని చెరపకుండా అలాగే ఉంచాను.